నా మోకాలిని కాపాడిన పొర

ఆ రోజు నాకు నొప్పి లేదు. ముందుగా ఈ మాటే చెప్పాలి, ఎందుకంటే నా కష్టమంతా అక్కడే మొదలైంది.

ఎనభైల మొదట్లో గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. నేను ఒక కాంట్రాక్టరు దగ్గర కాంక్రీటు మేస్త్రీని. మాది సబ్బవరం పక్కన పల్లె. మా నాన్నది వ్యవసాయం, నాకేమో చిన్నప్పటినుంచీ సిమెంటు పని మీద మోజు. నా కింద పద్నాలుగు మంది పనిచేసేవారు. నా నోరు మంచిది కాదని వాళ్ళు చెప్పుకునేవారు. నిజమే, కాకపోతే నేను పోయించిన స్లాబు ఒక్కటి కూడా కారలేదు.

ఆ రోజు ఒక పెద్ద యంత్రానికి పునాది పోస్తున్నాం. పునాది పోత మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే పాత కాంక్రీటుకీ కొత్త కాంక్రీటుకీ మధ్య అతుకు పడుతుంది, తర్వాత అక్కడే పగులుతుంది. అందుకని తిండి కూడా వంతులేసుకుని తింటూ, మోకాలి లోతు తడి కాంక్రీటులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడేవాళ్ళం. గమ్ బూట్లు ఇచ్చేవారు గాని, లోతు ఎక్కువైతే బూటు మూతిలోంచి సిమెంటు పాలు లోపలికి దిగేవి. దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. అప్పట్లో సిమెంటు గోనెబస్తాల్లో వచ్చేది. ఖాళీ బస్తాని జానెడు వెడల్పు పట్టీలుగా చింపి, నీళ్ళలో తడిపి, బూటు మూతి దగ్గర్నుంచి మోకాలి పైదాకా బిగించి చుట్టుకోవడం. ముఠా అంతా నేర్చుకున్నారు. పక్క ముఠాలవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. దానికి 'మేస్త్రీ పట్టీ' అని పేరు పెడితే నేను మీసం మెలేశాను.

ఆ గోనె నేతలో సిమెంటు పొడి మిగిలి ఉంటుందనీ, దాన్ని తడిపి కాలికి కట్టుకోవడమంటే సిమెంటు పాలని రోజంతా ఒంటికి అదిమి పెట్టుకోవడమేననీ మాలో ఎవరికీ తోచలేదు. సున్నం కాలుస్తుందని తెలుసు, సిమెంటు చల్లన అనుకునేవాళ్ళం. పైగా నాకింకో అలవాటుండేది. లెవెలు చూసేటప్పుడు ఎడమ మోకాలు కాంక్రీటులో ఆనించి వంగేవాణ్ణి.

సాయంత్రం పోత ముగిశాక కుళాయి దగ్గర పట్టీ విప్పాను. ఎడమ మోకాలి చిప్ప మీదనుంచి పిక్క సగందాకా చర్మం బూడిద రంగుకి తిరిగి, పాత చెప్పు తోలులా మొద్దుబారింది. వేలితో నొక్కితే నొక్కినట్టే తెలియలేదు. కుడికాలికి మాత్రం ఎర్రటి చారలు నాలుగు పడి చురుక్కుమంటున్నాయి. ముఠాలో పైడిరాజని నా చేతికింద ఎదిగిన మనిషి, నా కాలు చూసి దగ్గరికొచ్చాడు.

"ఏటి మేస్త్రీ, కాలిలగైపోనాది? నొప్పెడతందేటి?" అన్నాడు.

లేదన్నాను. లేదు కాబట్టి రెండు చెంబుల నీళ్ళు పోసుకుని ఇంటికొచ్చేశాను. కుడికాలి చారలే మంటగా ఉన్నాయని, నా భార్య నరసమ్మ వాటికి కొబ్బరినూనె రాసింది. ఎడమకాలి సంగతి ఇద్దరం పట్టించుకోలేదు. మంట పెట్టిన కాలు వారంలో మానిపోయింది, మంట పెట్టని కాలు నన్ను ఏడాది పనికి దూరం చేసింది.

మర్నాడు మోకాలు వంగలేదు. సైటులో కాంపౌండరు పసుపురంగు ఆయింట్‌మెంటు రాసి కట్టు కట్టాడు. మూడోనాటికి చర్మం నల్లబడి, అంచుల్లోంచి రసి కారడం మొదలైంది, జ్వరం వచ్చింది. అదృష్టం కొద్దీ ఆ రోజు మా చెల్లెలు సత్యవతి భర్త రామునాయుడు ఏదో పనిమీద విశాఖపట్నం వచ్చి మా ఇంటికి వచ్చాడు. ఎలమంచిలిలో ధాన్యం కొట్లో గుమాస్తా. ఒకర్నొకరం బావా అనే పిలుచుకుంటాం. నరసమ్మ ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా కట్టు విప్పించి చూశాడు.

"లెగు బావా. ఇది నూనె రాత్తే పోయేది కాదు," అని రిక్షా పిలిచాడు.

పెద్దాసుపత్రిలో బర్న్స్ వార్డులో చేర్చుకున్నారు. ప్లాస్టిక్ సర్జరీ డాక్టరుగారు సన్నగా, నిదానంగా మాట్లాడే మనిషి. సూది తీసుకుని నా కాలిమీద అక్కడక్కడా గుచ్చుతూ, తెలుస్తోందా అని అడిగారు. నేను హుషారుగా, ఏమీ లేదండీ, నొప్పే లేదు అన్నాను. ఆయన సూది పక్కన పెట్టారు.

"నొప్పి లేకపోవడమే చెడ్డ గుర్తు మేస్త్రీ. ఇది ఫుల్ థిక్‌నెస్ బర్న్. చర్మం మొత్తం పోయింది, దాంతోపాటు నొప్పి తెలిపే నరాల కొసలు కూడా పోయాయి," అన్నారు.

నిప్పు లేకుండా కాలడమేమిటని అడిగాను. సిమెంటు నీళ్ళు సున్నంలాంటి ఆల్కలీ అనీ, అది తగిలిన చోట ఆగకుండా లోపలికి తింటూనే పోతుందనీ చెప్పారు. పట్టీ సంగతంతా అడిగి తెలుసుకున్నారు. తర్వాత, ఇంకెంతమంది కట్టుకున్నారని అడిగారు. పద్నాలుగు మంది అని చెప్పాను. ఆ సాయంత్రమే రామునాయుడు బావని సైటుకి పంపించి, పట్టీలన్నీ తగలబెట్టించమన్నాను. ముగ్గురికి పుళ్ళు పడ్డాయి గాని, దేవుడి దయవల్ల చిన్నవి. వాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో ఇలాంటి పుండు ఉన్నవాళ్ళుంటే వాళ్ళ కోసం వరసగా చెబుతాను. మొదట డెబ్రిడ్‌మెంట్ అని, చచ్చిన చర్మాన్ని కోసి తీసేశారు. కింద మిగిలింది పచ్చి మాంసం. దాని మీద తనంతట తాను చర్మం రాదా అని అడిగాను. చుట్టూ అంచుల్లోంచి మెల్లగా వస్తుంది, కాని వచ్చేటప్పుడు లాక్కుంటూ ముడుచుకుంటూ వస్తుంది, దాన్నే కాంట్రాక్చర్ అంటాం, మోకాలి ముందు అలా ముడుచుకుంటే కాలు చాపే ఉంటుంది గాని వంగదు అన్నారు.

అదొక్కటి నాకు అర్థమైంది. మిగతా ఇంగ్లీషు మాటలన్నీ తర్వాత నేర్చుకున్నాను. గొంతుక్కూర్చోలేని మనిషి కాంక్రీటు మేస్త్రీ కాలేడు. కన్ను నేల దగ్గరికి దించి చూస్తేనే పోతలో ఎత్తుపల్లాలు కనపడతాయి. నిలబడి చూసేది ఇంజనీరు. కుంటినా ఫరవాలేదు, కర్ర పట్టుకు నడిచినా ఫరవాలేదు, మోకాలు మాత్రం పూర్తిగా వంగాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. డాక్టరుగారితో కూడా అదే చెప్పాను. ఆయన, సరే, నా వంతు నేను చేస్తాను, నీ వంతు కూడా ఉంటుంది అన్నారు.

రెండు వారాలయ్యాక స్కిన్ గ్రాఫ్ట్ చేశారు. తొడమీదనుంచి పల్చగా చర్మం గీసి తీసి, పుండుమీద పరుస్తారు. తీసిన చోటుని డోనార్ ఏరియా అంటారు. అసలు పుండుకంటే అదే ఎక్కువ ఏడిపించింది, అక్కడ నరాలు బాగానే ఉన్నాయి మరి. ఐదోనాడు కట్టు విప్పారు. వేసిన చర్మం ముక్కలు గాజుగుడ్డతోపాటు జారి ఊడొచ్చాయి. కింద ఆకుపచ్చటి చీము. వాసనకి నరసమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. చీముని పరీక్షిస్తే కల్చర్ రిపోర్టులో సూడోమోనాస్ అనే క్రిమి ఉందని వచ్చింది.

"గ్రాఫ్ట్ పట్టలేదు," అన్నారు డాక్టరుగారు. అంతే. ఆయనకి కూడా బాధగానే ఉందని ముఖంలో తెలిసింది.

రెండోసారి అలా కాకూడదు. నా తొడల్లో తీయడానికి చర్మమైనా ఎంతని ఉంటుంది. మళ్ళీ గ్రాఫ్ట్ వెయ్యాలంటే ముందు ఆ పుండు ఎర్రగా, శుభ్రంగా తయారు కావాలి, దాన్ని గ్రాన్యులేషన్ అంటారు. అందాకా తెరిచి ఉంచితే క్రిములు, ఉత్తి గుడ్డ కడితే విప్పినప్పుడల్లా కొత్తగా వచ్చిన కండ గుడ్డతోపాటు ఊడొస్తుంది. చర్మం లాంటి కప్పు ఏదైనా కొన్నాళ్ళపాటు కావాలి. అప్పుడు చెప్పారాయన ఆమ్నియన్ గురించి. బిడ్డ పుట్టాక మాయ పడుతుంది కదా, అందులో లోపలివైపు ఉల్లిపొర లాంటి పల్చటి పొర ఉంటుంది, తల్లి కడుపులో బిడ్డ ఉండేది ఆ పొర సంచీలోనే. దాన్ని ఒలిచి, సెలైన్‌తో ఎన్నోసార్లు కడిగి, మందునీళ్ళలో నానబెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, పుండుమీద పరుస్తారు. కొత్త గ్రాఫ్ట్ వేశాక దాని పైన కూడా పరవచ్చు. ఈ పొరనీ గ్రాఫ్ట్‌నీ కలిపి వాడితే నీ మోకాలికి ఆశ ఉంది అన్నారు.

పక్క బ్లాకులోనే కాన్పుల వార్డు. అయితే తెచ్చి వేసేయండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అడిగి తీసుకోవాలి. అడిగితే ఎవరూ ఇవ్వడం లేదు. అడక్కుండా నేను తియ్యను," అన్నారు.

ఇవ్వరని నాకూ తెలుసు. మా వైపు బిడ్డ మాయని కొత్త కుండలో పెట్టి, పసుపు, వేపాకు వేసి, ఇంటి పెరట్లో లోతుగా పాతిపెడతారు. కుక్క ముట్టినా, పిల్లి ముట్టినా బిడ్డకి ప్రమాదమని భయం. ఆసుపత్రిలో కాన్పయినా ముసలమ్మలు గుమ్మం దగ్గర కాపలా కూర్చుని, మాయని గుడ్డలో మూటకట్టి బస్సులో ఊరికి పట్టుకెళ్ళేవారు. అయినా నరసమ్మ రెండు రోజులు ఆ వార్డు గుమ్మంలో నిలబడి కనపడిన ప్రతి అమ్మమ్మనీ బతిమాలింది. ఒకావిడ, నీ మొగుడి పుండుకి మా బిడ్డ మాయ కావాలా అని కొట్టడానికి వచ్చిందట. నరసమ్మ వచ్చి నా మంచం కోడు పట్టుకుని కూర్చుంది. నాకు ఆ కొట్టబోయినావిడమీద కోపం రాలేదు. మా ఇంట్లో కాన్పైతే నేనూ అలాగే అనేవాణ్ణి.

అప్పటికి మా సత్యవతికి నెలలు నిండాయి. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. అందుకని ఈసారి ఎలమంచిలిలో మంత్రసానిని నమ్ముకోకుండా ఇదే ఆసుపత్రిలో చేర్చారు. ఆ మాట వినగానే నరసమ్మ నా ముఖంలోకి చూసింది. నేను ముఖం తిప్పుకున్నాను. అడగొద్దని గట్టిగా చెప్పాను. ఒకసారి కడుపు కోత పడిన పిల్ల. రేపు బిడ్డకి పడిశం పట్టినా, మేనమామ కాలికోసం మాయ ఇచ్చాం కాబట్టే అంటారు. ఆ మాట పడటం కంటే కాలు చాపుకుని బతకడం నయం అన్నాను. రామునాయుడు బావ కూడా తల్లితో ఈ మాట ఎత్తలేకపోయాడు. వాళ్ళమ్మ గౌరమ్మ అంటే మా అందరికీ భయమే. ఊడ్పుల్లో యాభై మంది ఆడవాళ్ళని నడిపించిన మనిషి.

నరసమ్మ నా మాట వినలేదు. గౌరమ్మత్తని పొర అడగలేదుగాని, ఒకసారి వచ్చి నన్ను చూసి పొమ్మని మాత్రం చెప్పింది. గౌరమ్మత్త సరిగ్గా డ్రెస్సింగు వేళకి వచ్చింది. బయటికి వెళ్ళమని సిస్టరు చెబితే కదలలేదు. కట్టు విప్పుతుంటే గుడ్డ కండకి అతుక్కుని నేను పళ్ళు కొరుక్కుంటున్నాను. ఆవిడ మొత్తం చూసింది. నరసమ్మ బతిమాలిన సంగతి కాన్పుల వార్డులో అప్పటికే ఆవిడ చెవిన పడింది. చూసి డాక్టరుగారి వైపు తిరిగింది.

"ఆ పొర ఈ కాల్లో కలిసిపోతాదేటి బాబూ?" అంది.

కలవదు, ఈ మనిషి సొంత చర్మం పట్టేదాకా కాపలా ఉంటుంది, తర్వాత ఎండి రాలిపోతుంది అన్నారాయన. మాయంతా అక్కర్లేదనీ, ఆ ఒక్క పొర ఆవిడ ఎదురుగానే ఒలిచి తీసుకుని మిగతాది ఆవిడ చేతికే ఇచ్చేస్తాననీ, అది కూడా సత్యవతి రక్త పరీక్షలు బాగుంటేనే అనీ చెప్పారు. గౌరమ్మత్త ఒక షరతు పెట్టింది.

"అయితే రాలిందేదో అదీ నాకే ఇచ్చీండి. ఒక్క ముక్క కూడా సెత్తలో పడకూడదు," అంది.

సిస్టరు ఒప్పుకోలేదు. డ్రెస్సింగులోంచి వచ్చినదేదైనా కాల్చేయాలి, అది రూలు. డాక్టరుగారు ఆవిడతో కాసేపు మాట్లాడి, రాలిన ముక్కలని లోషన్‌లో నానబెట్టి మూత ఉన్న రేకు డబ్బాలో వేసి ఇచ్చేలా ఏర్పాటు చేశారు. నేనింక ఊరుకోలేక, వద్దత్తా, బిడ్డకేమన్నా అయితే నాను బతకలేను అన్నాను. ఆవిడ నా మంచం దగ్గరకొచ్చింది.

"తొమ్మిది నెల్లు బిడ్డని కాసిన పొర. నీ కాలిని నెల్రోజులు కాయలేదేటి? ఊరుకో," అంది.

నేను పెద్దవాణ్ణయ్యాక ఏడ్చింది అదొక్కసారే. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మూడోనాడు పొద్దున్న సత్యవతికి ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చిందట, రామునాయుడు బావ నా వార్డుదాకా పరుగెత్తుకొచ్చి చెప్పాడు. గౌరమ్మత్త ఆ పొర ఒలవడం దగ్గరుండి చూసి, మిగతా మాయని తన కుండలో పెట్టించుకుని ఎలమంచిలి బస్సెక్కింది. పరీక్షలన్నీ బాగున్నాయని తేలాక పొరని నా కాలిమీద పరిచారు. వేసిన గంటలోనే తేడా తెలిసింది. గాలి తగిలితే భగ్గుమనే పుండు చల్లబడింది. రెండు మూడు రోజులకోసారి పాతది తీసి, ఫ్రిజ్‌లోంచి ఇంకో ముక్క వేసేవారు. ఊడినవి డబ్బాలో పడేవి. బావ ఆదివారాలొచ్చి డబ్బా పట్టుకెళ్ళేవాడు. బస్సులో పక్కనున్నాయన అందులో ఏముంది, సున్నుండలా అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదని నవ్వించాడు.

కాని ఒక్క పొర ఎన్నాళ్ళు వస్తుంది. అది అయిపోవచ్చే వేళకి విచిత్రం జరిగింది. గౌరమ్మత్త కోడలి మంచం దగ్గర కూర్చున్న రోజుల్లో కాన్పుల వార్డులో ముసలమ్మలందరికీ డబ్బా సంగతి చెప్పింది. పొర ఇచ్చినా ముక్కతో సహా తిరిగొస్తుందని తెలిశాక ఒకావిడ ఒప్పుకుంది, ఆమె తర్వాత ఇంకో ఇద్దరు. సిస్టరు డబ్బాల మీద ఊరి పేరు, ఇంటిపేరు రాసిన కాగితాలు అంటించింది. నరసమ్మని కొట్టబోయినావిడ మాత్రం చివరిదాకా ఇవ్వలేదు. ఆవిడ బిడ్డ, ఆవిడ ఇష్టం.

నెల తిరక్కుండా పుండు ఎర్రగా, గులాబీరంగు అంచులతో తేరింది. రెండో గ్రాఫ్ట్ చేశారు. ఈసారి చర్మం తక్కువ ఉంది కాబట్టి మెష్ చేశారు. పెద్ద ఊళ్ళలో దానికి మిషనుంటుందట. ఇక్కడ డాక్టరుగారు నా తొడ చర్మాన్ని చెక్కపలక మీద పరిచి, బ్లేడుతో వరసగా చిన్న చిన్న గాట్లు పెట్టారు. లాగితే వలలా విచ్చుకుని రెట్టింపు చోటు కప్పింది. ఆ వల కన్నాల మీద మళ్ళీ ఆమ్నియన్. మోకాలు కదలకుండా ప్లాస్టర్ స్ప్లింట్. ఐదోనాడు కట్టు విప్పుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. డాక్టరుగారు, చూడు మేస్త్రీ అన్నారు. వల ఉన్నచోటే ఉంది. లేత ఎరుపులో కండని పట్టుకుని ఉంది.

"పట్టింది. ఇక నీ వంతు," అన్నారు.

నా వంతు ఏమిటో ఇంటికొచ్చాక తెలిసింది. మోకాలు నాలుగు వేళ్ళ కంటే ఎక్కువ వంగలేదు. కొత్త చర్మం బిగుతుగా, గట్టిగా, దురదగా ఉండేది. కొబ్బరినూనె రాసి రోజుకి మూడుసార్లు వేళ్ళతో వలయాలు తిప్పాలి, క్రేప్ బ్యాండేజీ కట్టాలి, వంచాలి. వంచడమంటే ఎంత వంచానో నాకు కొలత కావాలి, కొలత లేని పని నాకు చేతకాదు. గోడ పక్కన తొమ్మిది ఇటుకలు ఒకదానిమీద ఒకటి పేర్చి, గోడ పట్టుకుని వాటిమీద కూర్చోగలిగేదాకా వంగేవాణ్ణి. అది తేలికయ్యాక ఒక ఇటుక తీసేసేవాణ్ణి. ఐదు ఇటుకలదాకా బాగానే దిగాను. తొందరపడి నాలుగుకి దిగిన రోజు మోకాలి చిప్పమీద చర్మం చిట్లి రక్తం కారింది. డాక్టరుగారు బాగా తిట్టారు. కొత్త స్లాబుమీద మర్నాడే బరువులు పెడతావా అని అడిగారు. నా భాషలో తిట్టేసరికి బుర్రకెక్కింది. పది రోజులాగి మళ్ళీ మొదలుపెట్టాను.

ఏడాది తిరిగేసరికి ఒక్క ఇటుక మిగిలింది. అది మాత్రం పోలేదు. నెలలు గడిచాయి, రెండేళ్ళు గడిచాయి. పనిలోకి వెళ్ళిపోయాను, లెవెలు చూడాలంటే ఇటుక వేసుకుని కూర్చునేవాణ్ణి. కుర్రాళ్ళు 'ఇటుక మేస్త్రీ' అని కొత్త పేరు పెట్టారు. మేస్త్రీ పట్టీ కంటే ఈ పేరే నయం. పైడిరాజైతే నేను కూర్చోబోతే చాలు, అడక్కుండానే ఇటుక పెట్టేసేవాడు. చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు మోకాలిని తన చేతులతో పూర్తిగా వంచి చూశారు.

"చర్మం వంగుతోంది మేస్త్రీ. వంగనిది నువ్వు. మళ్ళీ చిట్లుతుందని భయం," అన్నారు.

నాకు కోపమొచ్చింది. నాకు భయమేమిటని మూడు రోజులు ఇంట్లో ప్రయత్నించాను. ఇటుక తీసేస్తే సగంలో తొడలు వణికి, చెయ్యి గోడని వదిలేది కాదు. ఆయన చెప్పిందే నిజం.

ఆ మరుసటి వేసవిలో గౌరమ్మత్త కబురు పెట్టింది. పెరట్లో వానకి బురదవుతోంది, సిమెంటు గచ్చు చేయించాలి, నువ్వే రావాలి అని. వెళ్ళాను. పెరడంతా కొలిచాను. తులసికోట వెనక ఒకచోట రెండు జానల నేల వదిలెయ్యమంది. ఎందుకని అడగలేదు. కుండా, డబ్బాలోంచి వచ్చినవీ అక్కడే ఉన్నాయని నాకు తెలుసు. ఆ చోటు చుట్టూ ఇటుక వరస పేర్చి, మిగతా అంతా కాంక్రీటు పోయించాను. మధ్యాహ్నానికి పోత ముగిసింది. నేను ఓ మూల నా ఇటుక మీద కూర్చుని చెక్కతో నున్నచేస్తున్నాను.

మేనకోడలికి అప్పటికి నాలుగేళ్ళు. నిమిషం కాలు నిలిచేది కాదు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, వద్దనే లోపలే రెండు కాళ్ళతో తడి సిమెంటులో దిగి నిలబడింది. చీలమండల దాకా కూరుకుపోయింది. సత్యవతి నవ్వింది. ఒగ్గీరా నాయినా, సంటిదాని అడుగులు పడితే మంచిదే, అలాగ ఉంచీ అంది గౌరమ్మత్త. పిల్ల కూడా నవ్వుతూ, సల్లగున్నాది మావా అంది.

ఒకప్పుడు మేమూ చల్లనే అనుకున్నాం. ఎలా లేచానో తెలియదు. పిల్లని ఎత్తుకుని నూతి దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళ బకెట్టు ముందు పెట్టుకుని, ఆ రెండు పాదాలూ కడిగాను. వేళ్ళ సందులు, గోళ్ళ మూలలు, మడమలు. ఒక బకెట్టయ్యాక ఇంకో బకెట్టు తోడించాను. ఇక సాలు మావా అని పిల్ల విసుక్కుని గింజుకుంటోంది. నొప్పి లేదు మావా అంటోంది. లేకపోయినా కడుగుతాను అన్నాను. నాలుగో బకెట్టు దగ్గర గౌరమ్మత్త వచ్చి నా పక్కన నిలబడింది.

"నీ ఇటికేదిరా నాయినా?" అంది.

నా ఇటుక అక్కడ ఆ మూలనే ఉంది. నేను నూతి పళ్ళెంలో, పిల్ల పాదం చేతిలో పట్టుకుని, ఉత్త నేలమీద గొంతుక్కూర్చుని ఉన్నాను. మోకాలు పూర్తిగా మడిచి ఉంది. చర్మం చిట్లలేదు.

ఇప్పుడు నా పోతలో ప్రతి పదిమందికీ ఒక మంచినీళ్ళ పీపా ఉంటుంది. బూటులోకి తడి దిగిందని ఎవరు చెప్పినా పోత ఆపిస్తాను. అతుకు పడితే పడనీ, దాన్ని చెక్కి మళ్ళీ పోసుకోవచ్చు. సిమెంటు పని చేసేవాళ్ళకీ, ఇల్లు కట్టుకుంటూ పిల్లల్ని పక్కన ఆడుకోనిచ్చేవాళ్ళకీ నేను చెప్పేది ఒక్కటే. తడి సిమెంటు ఒంటికి తగిలితే మంట పుట్టేదాకా ఆగకండి. చల్లగా ఉందన్నప్పుడే తడిసిన గుడ్డ, బూటు విప్పేసి, మంచినీళ్ళతో కడగండి, చాలనిపించాక ఇంకో బకెట్టు పోయండి.